కెమెరా చూడని గంట

బడి నుంచి వచ్చి, డిక్టేషన్ పుస్తకాలు బల్ల మీద పేర్చుకుని టీకి నీళ్లు పెట్టాను. పక్కింటి రెనర్ గారు ఎప్పటిలాగే తలుపు తట్టకుండా పెరటివైపు నుంచి వంటింట్లోకి వచ్చారు. వెనకే ఆయన ముసలి కుక్క మెగ్. ఊళ్లో ఏటా ఉల్లికాడల పోటీ జరుగుతుంది. అందులో ఆయన కాడలే అందరివాటికంటే లావు. రహస్యమేమిటని ఎవరైనా అడిగితే, "వాటితో మాట్లాడకూడదు. మాట్లాడితే పెరగడం మానేసి వింటూ కూర్చుంటాయి" అనేవారు. భార్య ఈనిడ్ పోయి నెల దాటింది. అప్పటినుంచి ఆయన తోటలో అడుగుపెట్టలేదు.

జేబులోంచి ఒక కాయితం తీసి నా ముందు పెట్టారు.

"ఇది నీ సబ్జెక్టే టీచరమ్మా. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దు."

ఆసుపత్రి పార్కింగ్ చూసుకునే ప్రైవేటు కంపెనీ పంపిన నోటీసు అది. అక్కడ గేటూ ఉండదు, కాపలా మనిషీ ఉండడు. స్తంభాల మీద కెమెరాలుంటాయి. లోపలికొచ్చే కారు నంబరు చూస్తాయి, బయటికెళ్లేటప్పుడు మళ్లీ చూస్తాయి, మధ్యలో గడిచిన సమయం లెక్కేస్తాయి. నోటీసులో రెండు ఫోటోలు. పొద్దున లోపలికి వస్తున్న రెనర్ గారి పాత ఆకుపచ్చ కారు. చీకటి పడ్డాక బయటికి వెళ్తున్న అదే కారు. అనుమతించిన సమయం దాటి ఉన్నారు కాబట్టి జరిమానా.

అది ఈనిడ్ పోయిన రోజు.

"మధ్యలో మీరు ఇంటికి వచ్చారు కదండీ" అన్నాను.

"వచ్చాను."

"నేను చూశాను కూడా. పిల్లల్ని రోడ్డు దాటిస్తుంటే మీ గేటు దగ్గర కనిపించారు. చేతిలో నీలం స్వెటర్ ఉంది."

ఆయన తలూపారు. చలేస్తోంది, నా నీలం స్వెటర్ తెచ్చిపెట్టు అని ఈనిడ్ అడిగింది. ఆయన ఇంటికొచ్చి, స్వెటర్ తీసుకుని, మెగ్‌కి తిండి పెట్టి వెనక్కి వెళ్లారు. వెళ్లేసరికి ఈనిడ్ లేదు. ఆ సాయంత్రం కూతురు లోర్నా ఫోన్లో ఒక్క మాట అడిగింది. "అమ్మని ఒంటరిగా వదిలేసి వెళ్లావా నాన్నా?" ఆ తర్వాత తండ్రీ కూతుళ్ల మధ్య వాతావరణం గురించి తప్ప మాటల్లేవు.

"ఇది కెమెరా చేసే మామూలు తప్పే" అని కాయితం వెనక గీసి చూపించాను. పిల్లలకు తీసివేత లెక్కలు చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది. "చూడండి, మీరు రెండుసార్లు లోపలికెళ్లారు, రెండుసార్లు బయటికొచ్చారు. మధ్యలో బయటికొచ్చిందీ మళ్లీ లోపలికెళ్లిందీ కెమెరాకి చిక్కలేదు. ముందు ఏ అంబులెన్సో అడ్డొచ్చి ఉంటుంది. అందుకని మొదటి రాకనీ చివరి పోకనీ కలిపి, రెండిటినీ ఒకటి చేసేసింది. చాలామందికి ఇలా అవుతుంది. రాస్తే కొట్టేస్తారు."

నేనే ఉత్తరం రాశాను. చదివి వినిపించాను. 'ఆ మధ్యాహ్నం నేను ఆసుపత్రిలో లేను' అన్న చోట ఆయన చెయ్యి ఎత్తారు. అచ్చం బడిలో పిల్లాడిలా.

"ఆ ముక్క తీసెయ్."

"అది తీసేస్తే ఉత్తరంలో ఇంకేముంటుందండీ?"

"మరి ఉత్తరమే తీసెయ్." కొంచెంసేపు మెగ్ చెవులు నిమురుతూ కూర్చున్నారు. "ఈ కాయితం ఏమంటోందో చూశావా? వాడు పొద్దున వచ్చాడు, చీకటి పడేదాకా కదల్లేదు అంటోంది. నన్ను గురించి ఆ మాట అన్నది లోకంలో ఇదొక్కటే. నీకు పుణ్యముంటుంది, దాన్ని తప్పని రుజువు చెయ్యకు."

"కానీ అది నిజం కాదు కదా."

"నిజం నీ బడిలో పెట్టుకో తల్లీ."

నేను వదల్లేదు. పాఠం సగంలో ఆపడం నాకు చేతకాదు. ఒక అబద్ధం పక్కన కూర్చుని మిగతా జీవితం గడపకూడదని చాలాసేపు నచ్చజెప్పాను. చివరికి ఆయన అలిసిపోయి సరే అన్నారు. శనివారం ఆసుపత్రికి వెళ్లి, మధ్యలో ఆయన లేరని వార్డు నర్సుచేత ఒక ముక్క రాయించుకోవాలి. ఎలాగూ ఆవిడకి థాంక్స్ చెప్పలేదు, బిస్కెట్ల డబ్బా ఇచ్చినట్టూ ఉంటుంది.

ఈనిడ్ పోయిన రోజు వార్డులో డ్యూటీ చేసిన నర్సు మారిబెల్ రెనర్ గారిని చూడగానే గుర్తుపట్టింది. చిన్న గదిలో కూర్చోబెట్టింది. నేను విషయం చెప్పాను. ఆమె నావంకా ఆయనవంకా మార్చి మార్చి చూసింది.

"లేరని ఎలా రాయనండీ?" అంది. "ఈయన ఇక్కడే ఉన్నారు కదా."

"ఇంటికి వెళ్లారు. స్వెటర్ కోసం" అన్నాను.

"స్వెటర్ తర్వాత తెచ్చారు, అవును. బాత్రూముకో, కారు దగ్గరికో వెళ్లొచ్చారనుకున్నా. కానీ ఆవిడ పోయేటప్పుడు పక్కనే కూర్చున్నారు. నేను రెండుమూడుసార్లు వచ్చి చూశాను. టీ తాగుతారా అని అడిగాను కూడా. పలకలేదు. బాధలో ఉన్నారులే అని ఊరుకున్నా." ఆమె రెనర్ గారి చెయ్యి మీద చెయ్యి వేసింది. "టోపీ అయినా తియ్యకుండా, ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆవిడ నవ్వింది కూడా. 'కడీ, నీ చేతులేంటి ఇంత చల్లగా ఉన్నాయి' అంది. అదే ఆఖరి మాట. మీకు గుర్తులేదా?"

ఆయన పేరు కత్‌బర్ట్. ఊళ్లో అందరికీ రెనర్. కడీ అని పిలిచేది ఈనిడ్ ఒక్కతే, అదీ ఇంట్లోనే. పక్కింట్లో ఉండి నేనే గోడ అవతలినుంచి విన్నాను తప్ప బయట ఎవరికీ తెలియదు.

రెనర్ గారు బిస్కెట్ల డబ్బా ఆమె చేతిలో పెట్టి లేచారు.

బయటికొచ్చేసరికి ఇంకా సాయంత్రమే. కానీ చలికాలం కదా, పొద్దు ఎప్పుడో పోయింది. సముద్రంమీదనుంచి మంచు లేచి వచ్చింది. పార్కింగ్ నిండా అదే. దీపస్తంభాల కింద పాలు ఒలికినట్టు తెల్లటి మడుగులు, మిగతాదంతా బూడిదరంగు. ఎక్కడో ఒక ట్రాలీ చక్రం కిర్రుమంటోంది. గాలిలో ఉప్పువాసన. దానికింద ఇంకో వాసన... తడిసిన ఉన్ని కోటు వాసన.

కారెక్కాం. కార్లోనే వదిలి వెళ్లిన మెగ్ వెనక సీట్లో లేచి కూర్చుంది. ఆయన ఇంజను స్టార్ట్ చేసి, బయటికెళ్లే దారి వైపు మెల్లగా పోనిచ్చారు.

కెమెరా స్తంభం కింద ఎవరో నిలబడి ఉన్నారు.

లిఫ్ట్ కోసమేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లేకొద్దీ టోపీ కనిపించింది. తర్వాత కోటు. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండటం... నా పక్కన స్టీరింగు పట్టుకున్న మనిషికి ఎడమ భుజం అలాగే వాలి ఉంటుంది.

రెనర్ గారు కారు ఆపారు.

మా వైపు దాన్ని వాఫ్ అంటారు. మనిషి బతికుండగానే అతని రూపంలో తిరిగేది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది. అది కనబడిందంటే ఆ మనిషికి రోజులు దగ్గరపడ్డట్టే. ఒకే ఒక్క ఉపాయం ఉంది. భయపడకుండా దాన్ని గట్టిగా తిట్టాలి. అల్లరిపిల్లాణ్ణి తిట్టినట్టు. ఇక్కడ నీకేం పని, పో ఇంటికి, అనాలి. అప్పుడది తలొంచుకుని పోతుంది. కానీ ఎవరి వాఫ్‌ని వాళ్లే తిట్టాలి. ఇంకొకరు అరిస్తే దానికి వినబడదు.

"తిట్టండి" అన్నాను. "రెనర్ గారూ... తిట్టండి."

ఆయనకి తెలుసు. ఈ ఒడ్డున పుట్టినవాళ్లెవరికి తెలియదు? ఆయన కిటికీ అద్దం దించారు. మంచు లోపలికి వచ్చింది.

అది వంగింది. టోపీ కింద ఆయన ముఖమే. గడ్డం కూడా ఆ రోజు గీసుకున్నట్టే, చెవి కింద కొంచెం వదిలేసి. కళ్లు మాత్రం... అవి ఎటూ చూడటం లేదు.

"పొమ్మనండి" అని గుసగుసలాడాను. "ఒక్క మాట. ఒక్క మాట చాలు."

ఆయన నోరు తెరిచారు.

"బాధపడిందా?" అని అడిగారు.

అది తల అడ్డంగా ఊపింది. మెల్లగా. ఒక్కసారి.

"నన్నేమైనా అడిగిందా? ఎక్కడికెళ్లాడు అందా?"

మళ్లీ అడ్డంగా.

"అనదులే" అన్నారు ఆయన. "నువ్వున్నావు కదా. నేనే అనుకుంది." చేతివేళ్లతో కళ్లు తుడుచుకున్నారు. "నిలబడి నిలబడి అలిసిపోయుంటావు. ఈ చలిలో."

నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. వద్దు అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

"ఎక్కు" అన్నారు ఆయన. "ఇంటికెళ్దాం."

వెనక తలుపు తెరుచుకుంది. సీటు కొద్దిగా కుంగింది. తలుపు మూసుకుంది. మొరుగుతుందనుకున్న మెగ్, తోక ఆడిస్తూ పక్కకి జరిగి చోటిచ్చింది.

ఇంటిదాకా నేను వెనక్కి తిరగలేదు. అద్దంలోకి చూడలేదు. కారంతా తడి ఉన్ని వాసన... నా వెనకనుంచి ఊపిరి చప్పుడు లేదు, కుక్కది తప్ప. దారిలో ఒక చోట రెనర్ గారు నెమ్మదిగా, "హీటర్ పెంచనా?" అని అడిగారు. నన్ను కాదు.

గేటు దగ్గర దిగాక ఆయన వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు. మెగ్ దూకింది. ఆయన ఇంకాసేపు అలాగే తలుపు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత మూశారు.

మర్నాడు ఆయనే వచ్చి జరిమానా కట్టేశానని చెప్పారు. ముఖం తేటగా ఉంది.

"ఇంక నీ ఉత్తరం అక్కర్లేదు టీచరమ్మా. కెమెరా తప్పేం చెయ్యలేదు. లోర్నాకి కూడా చెప్పాను, మీ అమ్మ ఒంటరిగా పోలేదు, కావాలంటే నర్సుని అడుగు అని. ఏడ్చింది పాపం. చాలాసేపు మాట్లాడింది. క్రిస్మస్‌కి వస్తానంది."

"ఇంకా మించిపోయింది లేదు" అన్నాను. "ఇప్పుడైనా దాన్ని పొమ్మనండి."

"ఏమని తిట్టమంటావు? నేను చెయ్యాల్సిన పని అది చేసింది. అలాంటివాణ్ణి గుమ్మంలోంచి తరిమేస్తే ఈనిడ్ ఊరుకుంటుందా?"

ఆ రోజుల్లో ఆయన తోటలోకి వెళ్లి మట్టి తిరగేయడం చూశాను. గోడ అవతలనుంచి రాత్రి భోజనానికి రెండు కంచాల చప్పుడు వినేదాన్ని. వినలేదనుకునేదాన్ని. పిల్లలకు ఏదడిగినా జవాబు చెప్పే నాకు, ఆయన చేసింది తప్పో ఒప్పో చెప్పడం రాలేదు. ఇప్పటికీ రాదు.

క్రిస్మస్ ముందు ఆయనకి జలుబు చేసింది. అది ఛాతీలోకి దిగింది. ఆసుపత్రికి రానన్నారు. లోర్నా బయల్దేరింది. ఆ రోజు బడిలో పిల్లల నాటకం. గొర్రెల వేషాలకు దూది అంటించడం, ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టడం, పొద్దున్నుంచి చీకటిపడేదాకా నేను హాల్లోంచి కదల్లేదు. హాలు నిండా తల్లులున్నారు, అడగండి. అది అవగానే కోటు తగిలించుకుని నేరుగా ఆయనింటికి పరిగెత్తాను.

లోర్నా తలుపు తీసింది. ముఖం చూడగానే అర్థమైంది. ఆమె నన్ను గట్టిగా కౌగిలించుకుంది.

"ఎలా చెప్పాలో తెలియట్లేదు మిస్" అంది. "దారిలో మంచు కురిసి నేను ఆలస్యమయ్యాను. నేనొచ్చేదాకా మీరు కూర్చోకపోతే నాన్న..."

"నేను..."

"మిమ్మల్ని పలకరించాను, మీరు తలూపారంతే. నాన్న చెయ్యి వదల్లేదు. ఆయన పోయాక లేచి బయటికెళ్లారు. టీ పెడుతున్నారనుకున్నా. చూస్తే వంటింట్లో లేరు." ఆమె కళ్లు తుడుచుకుని, హాల్లో బల్ల మీదనుంచి ఏదో తీసింది. "ఇవి మంచం మీద మర్చిపోయారు."

ఉన్ని చేతితొడుగులు. కిందటేడు బడిపిల్లలు నాకోసం అల్లినవి. కుట్లు లెక్కతప్పి ఒక బొటనవేలు పొడుగైంది. అలాంటి జత లోకంలో ఇంకోటి ఉండదని నవ్వుకున్నాం.

కోటు జేబులో చెయ్యి పెట్టాను. అవి అక్కడే ఉన్నాయి. రెండూ.

లోర్నా చేతిలోవి తీసుకున్నాను. లేదనే ధైర్యం లేకపోయింది. ఇంటికొచ్చి దీపం కింద రెండు జతలూ పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ ఒకే బొటనవేలు పొడుగు. ఎర్ర సిరా మరక కూడా ఒకే చోట. అటూ ఇటూ మార్చి చాలాసేపు చూశాను...

ఏ జత నాదో తెలియలేదు.