చీమ ఆగిన ఆకు

భోజనాల గంట మోగింది. కొత్తమ్మాయి తన డబ్బా తీసుకుని ఒక్కతే కంప్యూటర్ గదికి నడిచింది.

స్కూల్లో చేరి నెలలు దాటినా క్లాసులో ఆమె పేరు అదే. కొట్టులో పై అరలో పెట్టిన సరుకులా, చూసేవాళ్లే గానీ అడిగేవాళ్లు లేరు.

అందుకే ఆమె ఒక లెక్క వేసుకుంది. కంప్యూటర్‌లో ఒక ఆట తయారుచేసింది. అందులో చీమ రాళ్లూ నీటిమడుగులూ తప్పించుకుంటూ చక్కెర పలుకు దగ్గరికి చేరాలి. ఆటని నడిపించే కోడ్‌ని దాచుకోకుండా అందరికీ కనిపించేలా పెట్టింది. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారని కంప్యూటర్ సార్ చెప్పారు. ఎవరైనా కోడ్ చదవొచ్చు. చీమకి కొత్త దారి గీసి పంపొచ్చు. ఆమె చూసి ఆటలో కలుపుతుంది.

"రండి, చీమకి దారి గీయండి" అని గది తలుపుకి కాగితం కూడా అంటించింది. దారులు గీయడానికి మనుషులొస్తారు. మాటలు కలుస్తాయి. భోజనం దగ్గర పక్కన ఒకరుంటారు. పెట్టుబడి ఆట, లాభం స్నేహం. బేరం బాగానే ఉందనిపించింది.

మొదట్లో గిరాకీ కూడా బాగానే వచ్చింది. క్లాసు పిల్లలు కొందరు దారులు పంపారు. కొత్తమ్మాయి ఏదీ కాదనలేదు. అలాగని ఏదీ ఉన్నదున్నట్టు ఉంచలేదు. ఒకరి దారి వంకరగా ఉందని తిన్నగా చేసింది. ఇంకొకరి రాళ్లు ఎక్కువయ్యాయని ఏరేసింది. ప్రతి ఒక్కరికీ "సరిచేశాను, థాంక్స్" అని రాసింది.

చివరగా 'గొడుగు' ఒక దారి పంపింది. గొడుగు వాళ్ల క్లాసు అమ్మాయే. ఎండైనా మబ్బైనా చేతిలో గొడుగు లేనిదే ఇంట్లోంచి కదలదని ఆ పేరు పెట్టారు. ఆమె పంపిన దారి మధ్యలో ఒక పెద్ద ఆకు ఉంది. చీమ దాని కింద కాసేపు ఆగాలని కోడ్‌లో రాసింది. చీమ ఆగడమేంటి, టైము దండగ అనుకుంది కొత్తమ్మాయి. ఆటని నడిపించి చూడకుండానే ఆకు తీసేసింది.

మర్నాడు గొడుగు వచ్చి ఆట తెరిచింది. ఆకు లేదు. చీమ ఎక్కడా ఆగకుండా పరుగెడుతోంది. గొడుగు కుర్చీలోంచి లేచింది. తన గొడుగుని చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ పంపలేదు.

ఇవాళ కూడా ఏమీ రాలేదు. ఆట బాగాలేదా అని సార్‌ని అడిగింది. సార్ కాసేపు ఆడి చూశారు.

"వంక పెట్టడానికేం లేదమ్మా. ఏ దారి చూసినా నీ చేత్తో గీసినట్టే ఉంది" అన్నారు.

మెచ్చుకున్నారనుకుంది. కానీ డబ్బా మూత తీశాక తినబుద్ధి కాలేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

ఆదివారం అమ్మ కొట్టులో తువ్వాళ్ల కట్టలు దిగాయి. కొత్తమ్మాయి సాయానికి కూర్చుంది. ఒక తువ్వాలు మడిచి పెట్టింది. అమ్మ దాన్ని విప్పి మళ్లీ మడిచింది. ఇంకోటి మడిచింది. అమ్మ అదీ విప్పింది. కొత్తమ్మాయి లేచి చెప్పులు వేసుకుంది.

"ఏమే, సాయం చేస్తానని వచ్చి ఎటు పోతున్నావ్?"

"అన్నీ నువ్వే చేసుకుంటున్నావుగా. ఇంక నేనెందుకు?"

"అంచులు లోపలికి పోవాలే. నా చెయ్యి ఊరుకోదు మరి."

"ఆ ముక్క చెబితే నేనే మడిచేదాన్నిగా అమ్మా."

అనేసి, గుమ్మంలోనే ఆగిపోయింది. చంకలో గొడుగు పెట్టుకుని వెళ్లిపోయిన అమ్మాయి గుర్తొచ్చింది.

అమ్మ ఒక తువ్వాలు ఆమె ముందుకి తోసింది. "సరే, రా. చూసి చెబుతాను, ముట్టుకోను."

సోమవారం కొత్తమ్మాయి కంప్యూటర్‌లో పాత కోడ్ వెతికి, ఆకుని మళ్లీ దాని చోట పెట్టింది. ఈసారి ఆటని నడిపించి చూసింది. చీమ ఆకు కిందకి చేరగానే తెర మీద వాన మొదలైంది. చుట్టూ చినుకులు పడుతున్నాయి. చీమ తడవలేదు.

వాన వెలిసింది. చీమ మాత్రం కదల్లేదు.

తప్పెక్కడుందో కొత్తమ్మాయికి వెంటనే తెలిసిపోయింది. ఒక్క లైను రాస్తే చాలు. చెయ్యి కీబోర్డు మీదకి వెళ్లింది. వెళ్లిన చేత్తో గొడుగుకి ఇలా రాసింది: "నిన్ను అడక్కుండా నీ ఆకు తీసేశాను. అది తప్పు. మళ్లీ పెట్టాను. వాన బాగుంది. వాన వెలిశాక చీమ బయటికి రావట్లేదు. ఎందుకో చూస్తావా?"

జవాబు రాలేదు. మర్నాడు ఆట తెరిచినవాళ్లంతా నవ్వారు. కొత్తమ్మాయి చీమ నిద్రపోయిందని ఒకడు, లేపడానికి కాఫీ ఇవ్వమని ఇంకొకడు. ఆమెకి చెవులు వేడెక్కాయి. ఒక్క లైనుతో వాళ్ల నోళ్లు మూయించొచ్చు. రాయలేదు.

ఆ మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని డబ్బా తెరిచింది. తలుపు కిర్రుమంది. గొడుగు లోపలికి వచ్చి తెర వంక చూసింది.

"ఆగమని చెప్పాను గానీ, వెళ్లమని చెప్పడం మర్చిపోయినట్టున్నా" అంది.

కొత్తమ్మాయి కుర్చీ పక్కకి జరిపి, కీబోర్డు ఆమె ముందుకి తోసింది. గొడుగు తన గొడుగుని బల్లకి ఆనించి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి తప్పు కొట్టింది. చెరిపింది. మళ్లీ తప్పు కొట్టింది.

కొత్తమ్మాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.