దింపని పెట్టె

మెట్‌పల్లి నుంచి మా ఊరికి వచ్చే తొవ్వల, పసుపు చేన్లు దాటినంక దింపుడు కల్లం ఉంటది. పొద్దుగూకితే ఆ తొవ్వ ఎవ్వరూ తొక్కరు. దయ్యాలు లేవని నేను ఎప్పుడూ అనే మాటే, ఇప్పుడూ అంట. అయినా చీకటి పడ్డంక నేను గూడ అటు పోను.

కాష్టానికి పోయే పాడెను అక్కడ దింపుతరు. అయినవాళ్లు పోయిన మనిషి చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు. పానం ఇంకా ఉంటే పలుకుతడేమో అని ఆశ. పలుకకపోతే... మూడో పిలుపు అయినంక ఎత్తుకపోతరు.

యాదవ్వ కొడుకు సంపత్‌కు ఆ పిలుపు దక్కలే.

సంపత్ గల్ఫ్‌ల ఒక విమానాశ్రయంల సామాను దింపేటోడు. ఒకనాడు సరుకుల విమానం ఇంజను ఖరాబై వెనుకకు మళ్లింది. గాలిదుమారం, పైనుంచి వాన. రన్‌వే మీద దిగింది గని ఆగలే — జారిపోయి, పక్కన ఆగి ఉన్న బండిని గుద్దింది. ఆ బండిల సంపత్ ఉన్నడు.

పెట్టె వచ్చింది. తెరవొద్దని సీలు వేసి పంపిండ్రు.

కల్లం కాడికి రాంగనే యాదవ్వ అడ్డం పడ్డది. "జర దించుండ్రి... పిలుస్త."

పెట్టె మోస్తున్నోళ్లల్ల ఒకడు, ఆటో నడిపే పరశురాములు, విసుక్కున్నడు. "పెట్టెకు చెవులుంటయా చిన్నవ్వా? పొద్దుగూకుతుంది, జరుగు."

దింపలే. అట్లనే తీసుకపోయి కాల్చిండ్రు.

కొద్ది దినాలకే మొదలైంది. చీకట్ల కల్లం కాడ ఎవరో పిలుస్తున్నరని, చేనుకు నీళ్లు పెట్టపోయినోళ్లు ఉరికి వచ్చిండ్రు.

ఇగ ఇది పరశురాములు నాకు చెప్పిన ముచ్చట.

ముసురు పట్టిన ఒక సాయంత్రం మెట్‌పల్లి నుంచి ఖాళీ ఆటోతోని ఊరికి బయలెల్లిండు. చాయ్ హోటల్ కుమార్ ఎక్కిరించిండు. "అన్నా, కల్లం కాడ పిలుస్తే 'ఆఁ' అనకు. తోలుకపోతది."

"నా పెండ్లాం పిలిస్తెనే పలుక. దయ్యానికి పలుకుతనారా?"

సరిగ్గ కల్లం కాడనే ఆటో ఆగింది. లైటు ఆరింది. వాన సప్పుడు తప్ప ఏం లేదు...

"సంపతూ..."

సన్నగ. భూమిలకెళ్లి వచ్చినట్టు.

ఫోన్ లైటు వేసిండు. పాడె దింపే జాగల ఒక నల్లటి ఆకారం — వంగి, నేలకు నోరు ఆనిచ్చి...

"సంపతూ... ఓ బిడ్డా..."

పరశురాములు వెనుకకు జరిగిండు. "సంపత్... నేను మోసినోణ్ని. నన్ను ఇడిసిపెట్టు," అని గొణిగిండు.

ఆకారం లేచి నిలవడ్డది. మీది గొంగడి జారింది.

యాదవ్వ.

"ఎవలు... పరశురామా? బుగులు పడకు బిడ్డా, నేనే. రోజూ వస్త." మోకాళ్ల బురద దులుపుకొని ఇంటి తొవ్వ పట్టింది.

పరశురాములు ఉరికి ఆమె కాళ్లు పట్టుకున్నడు. "తప్పైంది చిన్నవ్వా. ఆ దినం దింపాల్సి ఉండె. రెండుసార్లే పిలిచి పోతున్నవేంది? మూడోది గూడ పిలువు. నీ పక్కకు నేనుంట."

యాదవ్వ గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చుట్టూ చూసి, ఎవరన్న వింటరన్నట్టు మెల్లగ అన్నది —

"వద్దు బిడ్డా... మూడోది పిలిస్తే ఎత్తుకపోతరు."