వెర్నా మంచం పక్కన తడి

మా క్లే వీధిలో చివరిల్లుందే, వెర్నా ఇల్లు... వాన పడితే చాలు, దాని ముందునుంచి ఎవరూ నడవట్లేదిప్పుడు. లోపల ముసల్ది తిరుగుతోందంట. తాళం వేసిన ఇంట్లో, మంచం పక్కన తివాచీ తడుస్తోందంట. రోజూ... అదే చోట!

తడిపేది వెర్నాయేనంట. చచ్చిపోయాక ఆవిడకింక వేరే పని లేదన్నట్టు. థూ... నోళ్లా అవి?

పుకారు పుట్టించింది పరాయోళ్లు కూడా కాదు. కన్నకూతురు డార్లా, దాని మొగుడు రాండీ. ఇల్లు అమ్ముకుందామని చూస్తుంటే, కొనడానికొచ్చినోళ్లు గడప దాటగానే ముక్కు మూసుకుని పారిపోతున్నారు. ఆ కంపుకి దెయ్యమని పేరు పెట్టేశారీళ్లు. సిగ్గుండాలి.

వెర్నా తమ్ముడు ఎల్మర్‌కి ఈ గోలేం పట్టలేదు. అక్క పోయిన దగ్గర్నించీ ఆయన వెతుక్కుంటోంది ఒక్కటే — ఆవిడ పిల్లి, పెప్పర్. అక్క ఒళ్లో పడుకున్న ప్రాణి ఆయనకి అదొక్కటే మిగిలింది. "అమ్మ పోయిన రోజే పారిపోయింది మావయ్యా" అని డార్లా కళ్లొత్తుకుంది. పిచ్చాయన... నమ్మాడు. వీధి వీధీ తిరిగి పేరు పెట్టి పిలిచాడు.

ఒహాయో నది మీంచి వాన దంచుతున్న రాత్రి, మొగుడూ పెళ్లాం ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"మావయ్యా, నువ్వు తోడొస్తే రాత్రప్పుడు లోపలికెళ్లి చూస్తాం. నీ మాటైతే అమ్మ వింటుంది."

"బతికుండగానే వినలేదే నా మాట" అన్నాడు. అని, కోటు తగిలించుకున్నాడు.

తలుపు తీశారో లేదో... అబ్బ! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాన తేమకి కంపు లేచి నిలబడింది.

"ఏం పెట్టి కడుగుతున్నార్రా?"

"అమ్మోనియా మావయ్యగారూ. రోజూ పగలొచ్చి సీసా గుమ్మరిస్తున్నా. పైన గులాబీ సెంటు కూడా" అన్నాడు రాండీ, గొప్పగా.

ఎల్మర్ వాణ్ణి ఎగాదిగా చూశాడు. "పిల్లి ఉచ్చ మీద అమ్మోనియానా? రెండిటిదీ ఒకటే కంపురా! ఇంకో పిల్లి పోసిందనుకుని మళ్లీ అక్కడికే వచ్చి పోస్తుంది. ఏమే, పిల్లులున్న ఇంట్లో పుట్టావు, నీకైనా తెలీదూ?"

"ఇంట్లో పిల్లి లేదు కదా మావయ్యా..." డార్లా మొగుడి వంక చూసింది. "అందుకేగా భయం..."

రాండీ దగ్గర ఊదారంగు టార్చి ఒకటుంది. చీకట్లో మరకలు పట్టిస్తుందంట. పడగ్గదిలో దీపం ఆర్పి, అది వెలిగించాడు.

తివాచీ నిండా పచ్చగా మెరిసే మరకలు! మంచం పక్కన మరక మీద మరక... అక్కణ్ణుంచి చిన్నచిన్నవి... ఎవరో అడుగులేసుకుంటూ పోయినట్టు... బట్టలారబెట్టే యంత్రం గదిలోకి —

గర్... గర్...

గోడ గీకుతున్నారెవరో.

"అమ్మా... నన్నేం చెయ్యకే..." డార్లా మొగుడి వెనక నక్కింది.

ఆ యంత్రాన్ని శవం లేచీ లేవకముందే ఊడబీకి అమ్ముకున్నారు. గోడలో దాని వేడిగాలి గొట్టం బయటికి పోయిన బెజ్జం మాత్రం మూసే దిక్కు లేదు. రాండీ టార్చి అటు తిప్పాడు. ఆ బెజ్జంలోంచి... రెండు కళ్లు!

రాండీ కెవ్వుమన్నాడు. "దీన్ని వంతెన అవతల, మిల్లు దగ్గర వదిలేసొచ్చాం కదే!"

అంతే. డార్లా తల ఎత్తలేదు.

పెప్పర్ ఎముకల గూడై ఉంది. ఎవర్నీ చూడలేదు. నేరుగా వచ్చి, మంచం పక్కన తివాచీ వాసన చూసి, గోళ్లతో గీకి, కూర్చుని పోసింది. ఎల్మర్ పిలిచాడు. రాలేదు. మళ్లీ పిలిచాడు... ఊహూఁ.

ముసలాయన మంచం పట్టుకుని మెల్లగా వంగి, ఆ తడిలోనే చతికిలబడ్డాడు. పిల్లి ఆయన మోకాలు వాసన చూసింది. చూసి... ఒళ్లోకెక్కింది.

"మావయ్యా... ప్యాంటంతా..."

"నోరు ముయ్యి. ఆ టార్చి ఆర్పమను నీ మొగుణ్ణి. దాన్ని పడుకోనీ."