నెలవంక లేని ఎలుగుబంటి

షెడ్డులో చాప మీద ఎలుగుబంటి వెల్లకిలా పడి ఉంది. ఎడమ చంక కింద ఒకే ఒక్క బుల్లెట్ గాయం. ఈ జాతికి రొమ్ము మీద ఉండాల్సిన తెల్లటి నెలవంక లేదు. గొంతు నుంచి పొట్ట దాకా కటిక నలుపు.

టైమ్ ఉదయం 8.10. ఇన్‌స్పెక్టర్ ఒనోదెరా టార్చ్ వేశాడు.

గంట క్రితం ముసలి యసుకిచి స్టేషన్‌కి వచ్చి, తన రైఫిల్, లైసెన్సు బల్ల మీద పెట్టేశాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. తోచినాయ్ పల్లె వేటగాళ్ళకి పెద్ద.

"నిన్న కొండదేవత పంపినదాన్ని చంపేశాను బాబూ. ఇక నాకీ తుపాకీ వద్దు."

జపాన్‌లోని ఈ అకితా కొండల్లో అదే కట్టుబాటు. నెలవంక లేనిది దేవత దూత. దాన్ని చంపినవాడు జన్మలో మళ్ళీ తుపాకీ ముట్టకూడదు.

ఒనోదెరా గుండెల్లో రాయి పడింది. పోయిన అక్టోబర్లో ఎలుగుబంట్లు ఊళ్ళోకి దిగి ఇద్దర్ని చీల్చేశాయి. ఊరికి ఉన్నవే రెండు తుపాకులు. రెండోది రిహేయ్‌ది. రిహేయ్ పదిసార్లు పేలిస్తే ఒకటి తగిలితే గొప్ప! ఈ ముసలాయన మానేస్తే ఊరి గతేం కాను?

ఒనోదెరా కళేబరం మీదికి వంగాడు. ముక్కుకి ఘాటుగా ఏదో తగిలింది. నెత్తురు వాసన కాదు. అమ్మోనియా.

రొమ్ము మీద వెంట్రుకలు పాయ తీసి చూశాడు. పైనంతా నలుపు. కుదుళ్ళ దగ్గర, గోరు మందాన, తెలుపు.

"అదీ సంగతి!"

8.25కి అటవీశాఖ పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాడు. 9.00కి ముగ్గుర్నీ షెడ్డుకి పిలిపించాడు. యసుకిచి, ఆయన వెంట నలభై ఏళ్ళుగా కొండెక్కుతున్న రిహేయ్, యసుకిచి భార్య కినూ. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బ్యూటీ పార్లర్ ఆవిడదే.

"కాల్చింది ఎన్నింటికి?"

"మూడూ యాభై," అన్నాడు రిహేయ్.

"కిందికి దించింది?"

"ఐదున్నరకి. నేనూ మా తమ్ముడూ మోసుకొచ్చాం."

"తోలు కొండ మీదే తీస్తారుగా మీరు? నిన్నెందుకు తియ్యలేదు?"

రిహేయ్ కినూ వైపు చూశాడు.

"పెద్దాయన దీని దగ్గరికి వచ్చి చూశాడా?"

"లేదు బాబూ. నిలబడ్డ చోటే తుపాకీ దించి, మొక్కి, ఏడుస్తూ దిగిపోయాడు. మళ్ళీ తెల్లారే చూశాడు."

"ఆలోపు నువ్వు దీనికి రంగేయించావు. పెద్దాయన తప్పుకుంటే పెద్దరికం నీదే కదూ?"

"ఛీ! ఆ పెద్దరికం ఎవడిక్కావాలి?"

"రంగేసింది నేను," అంది కినూ. "మూడు ట్యూబులు పట్టింది. ఎందుకని మాత్రం అడక్కండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంతటితో వదిలెయ్యండి."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఒనోదెరా ఆగలేదు. కేసు తేలిపోయిందన్న హుషారు ఆయనది.

"పెద్దాయనా, దూతా లేదు, గీతా లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను దగ్గర పుట్టి కిందికి దిగుతాయట. అన్నిటికన్నా చివర చేరేది రొమ్ముకి. అక్కడిదాకా రాకపోతే తెల్ల నెలవంక. వచ్చేస్తే ఒళ్ళంతా నలుపు. అంతే! పైగా మీరు కొట్టింది అదీ కాదు. దీనికి నెలవంక ఉంది. మీ తుపాకీ మీరు తీసుకోండి!"

యసుకిచి తలెత్తాడు.

"ఉందా?"

"బియ్యప్పిండి పూసినంత తెల్లగా!"

"దెబ్బ తగిలాక అది నా వైపు తిరిగి, రెండు కాళ్ళ మీద లేచింది బాబూ. పదిహేను అడుగుల దూరంలో. ఎండ నా వీపు వెనక. రొమ్మంతా చూశాను. నలుపే." ముసలాయన ఎలుగుబంటి వైపు తిరిగాడు. "అంత దగ్గర్లో... నాకు కనబడలేదా?"

ఒనోదెరాకి అప్పుడు తట్టింది. రంగు కన్నా ముందే ఈయన నలుపు చూశాడు. నల్లటిదాన్ని చంపానని ఏడుస్తూ దిగాడు. తర్వాతే రంగు పడింది. తొమ్మిదింటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు, పట్టించుకోలేదు.

"ఏడాదిగా నా మొహం కూడా పక్కనుంచే చూస్తున్నాడు," అంది కినూ ఏడుస్తూ. "ఎటు సూటిగా చూస్తే అక్కడే మసక. చెబితే కోపం. కళ్ళు పోయాయని మానేస్తే ఈయన బతకడు. దేవత మానమందని మానేస్తే బతుకుతాడు. మేం చూసుకున్నది అదొక్కటే బాబూ. అదీ దక్కనిచ్చారు కాదు."

యసుకిచి రిహేయ్ వైపు తిరిగాడు.

"మొన్న గురువారం నీ చెవి పక్కనుంచి పోయిన గుండు. రాయికి తగిలి ఎగిరొచ్చిందన్నావు."

"రాయేనన్నా."

"ఒరేయ్, నా మొహం చూసి చెప్పరా."

రిహేయ్ తల దించుకున్నాడు.

ఒనోదెరా ఏదో అనబోయాడు. క్షమించమనాలా? ఆపరేషన్ ఉందేమో కనుక్కుంటాననాలా?

"ఇంటికి తీసుకుపోవే," అన్నాడు యసుకిచి. అరవై ఏళ్ళు ఎవరి ఊతం లేకుండా కొండలు తిరిగిన మనిషి, భార్య ముందుకి చెయ్యి చాచాడు. కినూ ఆ చెయ్యి పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగి వాళ్ళకి దారిచ్చాడు. అంతకు మించి ఆయన చేయగలిగింది ఏమీ మిగల్లేదు.