పావురం మెడ రంగు రూపాయి

"అయ్యయ్యో! ఏం చేసిన్రండీ మీరు?"

మనీష బిత్తరపోయింది. థాంక్స్ చెప్తాడనుకుంది. గంటసేపు కుంకుడుకాయ రసంలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, తళతళలాడేటట్టు చేసి చేతిలో పెట్టింది మరి.

"తెల్లగ కాలేదా అన్నా? ఇంకొక్కసారి తోమాల్నా?"

"వద్దు తల్లీ! ఇంకా తోమితే చార్మినార్ గూడ పోతది!"

అది నిజాం కాలం నాటి వెండి రూపాయి. ఒకవైపు చార్మినార్ బొమ్మ. చిక్కడపల్లి సందులో ఉన్న పద్మక్క వెండి షాపుకు ఎవరో కరిగించమని తెచ్చి ఇచ్చారు. ఈ అబ్బాయి పొద్దున చూసి, సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పి పోయాడు. షాపులో పట్టీలు, కుంకుమ భరిణెలు తోమడం మనీష పని. మురికి రూపాయి ఎట్ల ఇస్తాం పాపం అనుకుని దీన్నీ తోమేసింది.

"అది మురికి కాదండీ. టోనింగ్ అంటరు. ఏండ్లకేండ్లు ఏ సందూకలనో, బట్టల మూటలనో పడుంటే, గాలి తాకి తాకి దానంతట అదే వచ్చే రంగు. అంచుకు బంగారు రంగు, జర లోపలికి గులాబి, ఇంకా లోపలికి నీలం. పావురం మెడ ఎన్నడన్న చూసిన్రా? గట్ల."

"రోజూ చూస్త. మా ఇంటి రేకుల మీదనే ఉంటయి."

"మరి దీన్ని చూడుండ్రి. నిన్న చేసినట్టుంది. ఎనభై ఏండ్లు ఒక్క గంటల కడిగేసిన్రు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను కంగారుపడ్డాడు.

"అరె, ఏడ్వకుండ్రి! పద్మక్క చూస్తే నన్ను తోముతది."

ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది మనీషకు.

అతని పేరు ప్రేమ్‌సాగర్. ఇల్లు నారాయణగూడ. అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తాడు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం షాపు మెట్ల దగ్గర నిలబడి ఒకటే ప్రశ్న.

"పాత రూపాయిలేమన్న వచ్చినయా?"

వచ్చినవాటిని మనీష తోమకుండా మెత్తని నూలుగుడ్డలో దాచేది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి, రూపాయిని అంచులు పట్టుకుని వెలుతురుకు అటూ ఇటూ వంచేవాళ్ళు. ఒక్కోసారి ఏ రంగూ ఉండేది కాదు. ఒక్కోసారి నీలం మీద ఎరుపు మెరిసి, అంతలోనే దాక్కునేది.

"ఇది ఎవ్వరు చేసింది కాదు మనీషా. అందుకే నాకివంటే పానం."

పేరు పెట్టి పిలిచాడు! ఆ మాట ఒక్కటి పట్టుకుని వారమంతా గడిపింది. మూడో ఆదివారం నుంచి 'అన్నా' అన్న పిలుపు ఆమె నోట రావడం మానేసింది. దాని బదులు ఏమని పిలవాలో తెలియక, ఏమీ పిలవకుండానే మాట్లాడేది.

"సెలవు పూట గూడ పనికి పోతున్నవ్, ఏందే కత?" అని అమ్మ మాసమ్మ అడిగింది.

"పని మస్తున్నదమ్మా."

"జడల పువ్వు గూడ పనికేనా?"

తరువాత పాత రూపాయిలు రావడం ఆగిపోయింది. లేవని చెప్తే సాగర్ "సరే మరి" అని మెట్ల మీది నుంచే తిరిగి వెళ్ళిపోయాడు. పైవారమూ అంతే. అతను సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, ఒకే పట్టీని మూడుసార్లు తోమింది మనీష.

"అరిగిపోతదే అది," అంది పద్మక్క.

వెండి చెంచాతో గుడ్డు తినొద్దు, నల్లబడుతుందని పద్మక్క అందరికీ చెప్తుంటుంది. అది మనీషకు గుర్తొచ్చింది. మొదటి రోజు తను తోమేసిన రూపాయిని సాగర్ షాపులోనే వదిలేసి పోయాడు. దాన్ని పద్మక్కను అడిగి ఇంటికి తీసుకుపోయింది. ఉడికిన గుడ్డును చిదిమి, రూపాయితో పాటు స్టీలు డబ్బాలో పెట్టి మూతేసింది. కాసేపటికి తీసి చూస్తే బంగారు రంగు, గులాబి, నీలం!

ఆదివారం, ఎవరో కొత్తగా తెచ్చిచ్చారని చెప్పి అది చేతిలో పెడితే సాగర్ అరగంట కదల్లేదు. దాన్ని చూస్తున్నాడు, మధ్య మధ్య ఆమెను చూస్తున్నాడు. పాపం చేస్తున్నానని తెలిసినా, ఆ అరగంట అయిపోవద్దనే కోరుకుంది మనీష.

ఆ పైవారం సాగర్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సందులో బండి ఆగిన చప్పుడైతే చాలు, తడిచేతులతోనే బయటికి పరుగెత్తేది. పాలతనో, కొరియరతనో.

నాలుగో వారం కిషన్ రావు గారు పూజ పళ్ళెం తోమించుకోవడానికి వచ్చారు. నాణేలు దాచుకునేవాళ్ళంతా నెలకోసారి బాగ్ లింగంపల్లిలో ఆయన ఇంట్లోనే కలుస్తారు.

"మా సాగర్‌ను ఎవరో గుడ్డుతోని మోసం చేసిన్రు పద్మమ్మా," అని పకపకా నవ్వారు. "రంగు అంచు నుంచి మెల్లగ లోపలికి పోవాలె. అది ఒక్కసారే మీద పడ్డట్టుంది. నేను వాసన చూసి ఆమ్లెట్ అన్న. పిల్లగాడు ఒప్పుకోడే! 'ఇచ్చినామె అబద్ధం ఆడదు సార్' అని అందరి ముందట కొట్లాడిండు. అందరు ఒకటే నవ్వుడు."

మనీష బ్రష్ కింద పెట్టి బయటికి నడిచింది.

అశోక్ నగర్ చేరేసరికి వాన మొదలైంది. సెంటర్‌లోంచి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పిల్లలంతా బయటికి ఉరుకుతున్నారు. తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన తను ఆ మెట్లు ఎక్కాలా వద్దా అని జంకుతుంటే, సాగరే దిగి వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

"నేనే చేసిన," అంది ఊపిరి తీసుకోకుండా. "గుడ్డుతోని. నేనే."

"తెలుసు," అన్నాడు సాగర్. "ఎందుకు మనీషా? నన్ను పిచ్చోన్ని చెయ్యనీకెనా?"

"లేవంటే మీరు మెట్ల మీదికెంచే మర్లిపోతున్రు. రెండు వారాలు చూసిన. మూడో వారం గూడ గట్లనే పోతే... నాతోని కాదనిపించింది. ఎవ్వరు చెయ్యి పెట్టని రంగే మీకు ఇష్టం. నేను దాంట్లనే చెయ్యి పెట్టిన. తప్పే. చెప్పిపోదామని వచ్చిన."

వెనక్కి తిరిగింది.

"ఆగు." గొడుగు లేకుండానే వానలోకి దిగాడు సాగర్. "రూపాయిలే కావాల్నంటే సుల్తాన్ బజార్ల దొరుకుతయి. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాక వారం వారం ఎందుకొచ్చిన అనుకున్నవ్?"

"మరి లేవంటే ఎందుకు పోయిన్రు?"

"లేవన్నంక నిలబడనీకె ఇంకో వంక దొరకలే నాకు."

"మరి ఈ నాలుగు వారాలు?"

"నువ్వు గూడ వాళ్ళ లెక్క నన్ను చూసి నవ్వుకున్నవేమో అని పరేషానైన. ప్రతి ఆదివారం చౌరస్తా దాక వచ్చిన. అక్కడికెల్లి కాళ్ళు ముందటికి రాలే."

షట్టర్ కింద నిలబడ్డ పిల్లలు "సార్, తడుస్తున్నరు!" అని అరిచారు. ఇద్దరికీ వినపడలేదు.

"వచ్చే ఆదివారం వస్త," అన్నాడు సాగర్. "రూపాయి అడగ."

"మరి ఏమడుగుతరు?"

"మీ ఇంటి అడ్రస్. అమ్మను తోలుకొని రావాలె గద."

"ఆదివారం దాక ఎందుకు? ఇప్పుడే చెప్త, రాసుకోండ్రి."

అతను జేబులో పెన్ను వెతుక్కునేలోపే ఆమె మొదలుపెట్టింది. ముషీరాబాద్, ఇంటి నంబర్, మేస్త్రీ ఈదయ్య బిడ్డ అంటే ఎవరైనా చూపిస్తారు... వాన చప్పుడులో సగం వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు.

మళ్ళీ చెప్పింది, ఈసారి నిమ్మళంగా.