పీపా మీద మూడో దెబ్బ

మంచు కరిగి బురదైన దారిలో నేనూ, మరిది ఆక్టేవూ పీపా దగ్గరికి బయల్దేరాం. ఇనుప పీపాని స్ప్రూస్ చెట్టుకి గొలుసుతో కట్టేసి, అందులో పాచిపోయిన డోనట్లు, వాడేసిన వేపుడు నూనె నింపి వస్తే, శీతాకాలపు నిద్ర లేచిన ఎలుగులు ఆ తిండికి మరిగి అక్కడికే వస్తాయి. విన్నిపెగ్ నుంచి వేటకొచ్చే బాబులు వాటిని కాల్చుకుంటారు. ఏడాదంతా మా పొయ్యి వెలిగేది ఆ నాలుగు వారాల వేట పుణ్యమే.

ఎర పెట్టే మనిషి వాసన మారకూడదు. ఎలుగు ఆ వాసనకే అలవాటు పడుతుంది. అందుకే నా మొగుడు ఆంబ్రోజ్ కోటు తొడుక్కున్నాను. పోయిన వసంతంలో ఎర పెట్టడానికి వెళ్లి ఆయన తిరిగి రాలేదు. కోటు మాత్రం ఆ స్ప్రూస్ కొమ్మకి వేలాడుతూ దొరికింది, గుండీలన్నీ పెట్టి. పూడ్చుకోవడానికి ఎముక ముక్కైనా దొరకాలని మేరీమాతకి మొక్కని రోజు లేదు.

కోటులో గోనెసంచి నడిచొస్తున్నట్టున్నావని ఆక్టేవ్ నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

పీపా నింపాం. వచ్చేసేముందు ఆంబ్రోజ్ కర్రతో దాని మీద కొట్టేవాడు, రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. తిండి వచ్చిందని ఎలుగులకి కబురు. నేనూ అలాగే కొట్టాను. కప్పల అరుపు ఆగిపోయింది. నూనె కంపులోంచి పైపు పొగాకు వాసన వచ్చింది... ఆయనదే. కోటులోంచి వస్తోందిలే అనుకున్నాను.

దారి పక్కన ఆపిన మా బండి దగ్గరికి చేరామో లేదో, వెనకనుంచి...

టంగ్, టంగ్... టంగ్.

"ఎలుగేలే," అన్నాను మెల్లగా.

"ఎలుగు ఆగి ఆగి కొడుతుందా? మా అన్నే, వదినా."

చెయ్యి పట్టుకుని ఆపబోయాను. విదిలించుకుని వెళ్లాడు. ఇంకా వెలుతురుంది. చెట్ల మధ్య అతని ఎర్ర జాకెట్ కనిపించింది... మళ్లీ కనిపించింది... తర్వాత లేదు.

అరుపు లేదు. పెనుగులాట లేదు. వెళ్లి చూశాను. అదే కొమ్మకి ఎర్ర జాకెట్ వేలాడుతోంది. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి.

పోలీసులు వచ్చారు, కుక్కల్ని తెచ్చారు. పీపా దగ్గరికి వెళ్లమంటే కుక్కలు కదల్లేదు.

వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు మా గుమ్మంలో ఆంబ్రోజ్ చేతితొడుగు ఉంది, ఒక్కటే. ఆ మర్నాడు గేటు దగ్గర ఆయన పైపు. ఈ సాయంత్రం అడవి మొదట్లో ఆయన బూటు.

మేము ఎర వేసేదీ ఇలాగే. జంతువుకి ఏది ప్రాణమో అదే, కొంచెం కొంచెంగా, లోపలికి. ఆయన పక్కనే నిలబడి నేర్చుకున్న పని, నాకు తెలియదా? తెలిసీ కాళ్లు ఆగడం లేదు. ఇంట్లో నాకోసం ఎవరున్నారని ఆగాలి?

టంగ్, టంగ్... టంగ్.

బూటు చేతిలోకి తీసుకున్నాను.

లోపల ఇంకా వెచ్చగా ఉంది.