లాండ్రీ ట్రాలీలో సిగ్నల్

సైలెన్సర్ తొడిగిన తుపాకీ చిన్నగా దగ్గింది. వైర్‌లెస్ డిజైనర్ ల్యాబ్ బెంచీ మీదే వాలిపోయాడు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది.

అతని అక్క, ఏజెంట్ గోరింక, అంత్యక్రియల నుంచి నేరుగా చీఫ్ గదికి వచ్చింది.

"మీ తమ్ముడి నెట్‌వర్క్‌ని విదేశీ ముఠా కొట్టేసింది," అన్నాడు చీఫ్. "దానికి టవర్ అక్కర్లేదు. మెసేజ్ ఫోను నుంచి ఫోనుకు దూకుతుంది. ఎక్కువమందిని కలిసే ఫోను ఏదో చూసుకుని దాంట్లో ఎక్కుతుంది. హోటల్లో శాంతి సదస్సు రోజున ఓ బాంబుని అలాగే పేలుస్తారు. బాంబు ఎక్కడుందో తెలీదు."

"జామర్?"

"పెడితే వెంటనే పేలుతుంది."

"ముఠాలో మనవాళ్లెవరు?"

"మీ మరదలే. డబుల్ ఏజెంట్. భర్త పోయినా పని మానలేదు, పాపం."

గోరింకకు ఆ 'పాపం' మింగుడుపడలేదు. ల్యాబ్ తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవులున్నది మొగుడూ పెళ్లాల దగ్గరే.

సదస్సు దాకా ఆమె ఆ హోటల్లో లాండ్రీ ట్రాలీ తోసింది. తలకు గుడ్డ, బుగ్గల్లో దూది. ఆమె ఫోను కలవని ఫోను ఆ హోటల్లో లేదు. పైగా అది గిన్నె పట్టుకెళ్లి తిరిగివ్వని పక్కింటావిడ బాపతు. ఏ మెసేజ్ అయినా తీసుకుంటుంది, బటన్ నొక్కితే తప్ప వదలదు.

సదస్సు మొదలయ్యాక జేబులో ఫోను వణికింది. పేల్చమని ఆదేశం! పంపినవాళ్ల గుర్తు ఎక్కడ దాగుంటుందో తమ్ముడు అక్కకు మాత్రమే చెప్పాడు. పంపింది మరదలే.

ఆకుపచ్చ సిల్కు గౌనులో ఆవిడ లిఫ్టు వైపు హడావుడిగా వెళుతోంది. గోరింక ట్రాలీ అడ్డంపెట్టి, ఇద్దరి చేతులకూ కలిపి బేడీ బిగించింది.

"వదినా! ఏంటీ వేషం?"

"నీ మెసేజ్ నా జేబులో ఉందమ్మా. ఇద్దరం కలిసి దాన్ని బాంబు దగ్గరికి చేరవేద్దాం, పద."

"పిచ్చా? నువ్వూ పోతావు!"

"తమ్ముడితో సగం పోయానుగా. మిగతా సగం నీకు తోడొస్తుంది."

డైనింగ్ హాలు దాటారు, కిచెన్ దాటారు. మరదలి చెయ్యి నింపాదిగానే ఉంది. అనువాదకుల క్యాబిన్ కనబడగానే ఆ చెయ్యి వెనక్కి గుంజింది.

"అటొద్దు వదినా!"

"ఏం? మైకూ కుర్చీలేగా ఉన్నది."

"కుర్చీ కిందే... నీ కాళ్లు పట్టుకుంటా, బయటికి పద!"

గోరింక కాలర్ మైకులో చీఫ్‌కు రెండు ముక్కలు చెప్పింది. బాంబ్ స్క్వాడ్ పరుగెత్తుకొచ్చింది. ఆమె బొటనవేలు మాత్రం బటన్ మీదే ఉంది. ఒక్క నొక్కు చాలు, పగ చల్లారుతుంది. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్న స్క్వాడ్ కుర్రాడు చెమట తుడుచుకుంటూ ఏదో గొణుక్కుంటున్నాడు. ఏ అక్కకు తమ్ముడో!

వేలు పక్కకు జరిగింది. మరుక్షణం అతని కత్తెర కింద బాంబు వైరు తెగింది.

పోలీసులు తీసుకుపోతుంటే మరదలు వెనక్కి తిరిగింది. "అంతా పకడ్బందీగా చేశాను. ఎక్కడ తప్పాను వదినా?"

"మొగుణ్ణి చంపి ఊరుకున్నావే పిల్లా. ఆడపడుచు అర్ధమొగుడని మీ అమ్మ చెప్పలేదూ?"